గ్రహీత ఇంట లేరు

పదకొండు రోజులుగా గడప దాటని నన్ను పట్టుకుని
ఇంట్లో లేనంటోంది ఫోను.
రెండూ పదిహేడుకి వచ్చారట, నేను లేనట.
అప్పుడు నేనేం చేస్తున్నానో చెప్పనా?
మంచం అంచు నుంచి కుర్చీలోకి జారుతున్నాను.
గంట ఒక్కసారే మోగింది,
పిట్ట ముక్కుతో కిటికీ అద్దాన్ని తాకినట్టు.

నాది కింది అంతస్తే.
మంచానికీ తలుపుకీ మధ్య తొమ్మిది గజాలు.
ముప్పయ్యేళ్ళు మిల్లు మగ్గం ముందు బతికినదాన్ని,
కాలాన్ని నాడె పోట్లతో కొలవడం అలవాటు.
కుర్చీలో పడడానికే నలభై,
తర్వాత బ్రేకు,
తర్వాత గోడని గీరుకోకుండా ఆ ఇరుకు మలుపు.
ఎంత తొందరపడ్డా తొంభై.
కొరియరు లెక్క ఇరవైకే అయిపోతుంది.
మిగిలిన డెబ్భై అంకెల సందులో
నేను లేకుండా పోయాను.

ఇంతకీ ఆ పెట్టెలో ఉన్నది
ఈ కుర్చీకే ముందు చక్రం.
పాతది నవంబరు మంచులో, ట్రాము పట్టాల మీద చీలింది.
చక్రం వస్తే గాని బయటికి పోలేను,
బయటికి పోతే గాని చక్రం రాదు.
పిచ్చి కుదిరితే గాని పెళ్ళి కాదు,
పెళ్ళయితే గాని పిచ్చి కుదరదు.

మూడోసారి కూడా నేను ‘లేకపోయాక’
పార్సిల్ని వీధి చివర ఇనప అరల్లో పడేశారు.
చీలిన చక్రానికి నూలు బిగించి చుట్టి
బయల్దేరాను.
మా ఊరు వూచ్. ఆ పేరుకి అర్థం పడవ.
నదుల్ని మాత్రం ఎప్పుడో మిల్లుల కింద గొట్టాల్లో పూడ్చేశారు.
ఆ పూట మంచు బురదలో
నేనే పడవ, నేనే తెడ్డు.

ఆరంకెలు నొక్కాను.
టప్పున తెరుచుకుంది ఒక తలుపు
అన్నిటికన్నా పై వరసలో,
పొడుగాటి మగవాడి కళ్ళకి ఎదురుగా.
చీపురు తెచ్చుకోవాల్సింది.
‘తీసుకున్నారా?’ అంది తెర.
అవును, కాదు. రెండే బొత్తాలు.
‘అందలేదు’ అనే బొత్తం లేదు.
కాదన్నాను.
అయితే తలుపు మూయమంది.
అమ్మా, మూయాలన్నా అందాలి కదే!

నోరు తెరిచిన అర కింద
నా చక్రానికి నేనే కాపలా కూర్చున్నాను.
కుక్కతో వెళ్తున్న ఒకావిడ నవ్వి పలకరించింది,
ఎవరికోసమో ఎదురుచూస్తున్నాననుకుంది పాపం.
అడగొచ్చు. అడగలేదు.
డబ్బు కట్టిన వస్తువుని బిచ్చంలా ఎందుకడగాలి?

ఇరవై నిమిషాలకి వాను వచ్చింది.
దిగినవాడు తరాస్, ఖార్కివ్ కుర్రాడు.
మా మాటలు అతని నోట్లో
ఇంకా కొత్త చెప్పుల్లా కరుస్తున్నాయి.
మడమ కూడా ఎత్తకుండా పెట్టె దించి నా ఒళ్ళో పెట్టాడు.
‘గంట ఒక్కసారి కొట్టి పారిపోయేది నువ్వేనా?’
దాచలేదు. చేతి మిషను చూపించాడు.
ఇవాళ్టికి నూట అరవై మూడు పెట్టెలు.
గుమ్మం దగ్గర ఆగినకొద్దీ ఎర్రబడే ఒక అంకె.
స్టీరింగు వెనక, పొద్దున కొరికి వదిలేసిన రొట్టె
అట్టముక్కలా బిగుసుకుపోయి ఉంది.
జాలేసింది. కోపం పోలేదు.
రెండూ పట్టాయి ఒళ్ళో, పెట్టెతో పాటు.

‘తొంభై లెక్కపెట్టు, మీ భాషలోనే.
అంతకుమించి ఏమీ వద్దు’ అన్నాను.
మార్కరు తీసి మణికట్టు మీద రాసుకున్నాడు
నా ఇంటి నంబరు, పక్కన తొంభై.
స్నానం చేస్తే పోతుంది, తెలుసు.
రేపు ఈ వీధికి వేరేవాడు రావచ్చు కూడా.

ఇంటికొచ్చి విప్పితే
చక్రం వేలెడు పెద్దది.
వాపసు ఇవ్వాలంటే
ఆ అరల దగ్గరికే రమ్మంటోంది ఫోను.
చుట్టిన నూలు దారిలోనే తెగిపోయింది.
సొరుగు లాగి ఇంకో ఉండ తీశాను.
ఈసారి ఎర్రది.