ఓదెలు గల్లా బల్ల

ముందుగాల నాలుగు రంగుల అట్ట చూపెట్టిన.
తేనె, బూడిద, గేరు ఎరుపు, వాల్‌నట్.
ఓదెలు అన్నిట్ల నల్లగున్న దానిమీద వేలు పెట్టిండు.
"గిదే. చూసినోనికి పడవ అని తెల్వొద్దు."

వాల్‌నట్ చెట్టును సిరివంచల ఎవ్వరూ చూడలే.
నేనూ చూడలే. డబ్బా మీద పేరుంటది.
చంద్రపూర్ నుంచి బస్సు టాపు మీద వస్తది,
లీటరుకు ఆరు వందలు.

మన చెట్లకు రంగులెందుకురా అని
మా నాయిన మొత్తుకునేటోడు.
ఏగి చెక్కను రాత్రి నీళ్ళల్ల వేస్తే
తెల్లారేసరికి నీళ్ళే చాయ లెక్కయితయి.
బండారు పసుపు పూసుకోనే పుడ్తది.
జిట్రేగికి కోపం లోపల్నే ఉంటది,
ఉలి తగిల్తే బయటపడ్తది.
టేకు, ఆలపెల్లి డిపోల శిక్కా కొట్టించుకున్న పెద్దమనిషి,
ఇంత నూనె పెడితే చాలు, ఇంకేం అడగదు.
ఇప్పుడొచ్చేటోళ్ళు వేపకు టేకు రంగడుగుతరు,
టేకుకు వాల్‌నట్ అడుగుతరు.
నాకేంది, బ్రష్షు పట్టుకున్నోణ్ని.

కానీ ఇది నీళ్ళు తాగిన చెక్క.
ప్రాణహిత గోదారిల కలిసే కాడ
ఇరవయ్యేండ్లు అటూ ఇటూ తిరిగింది.
బ్రిడ్జి అయినంక ఇసుకల బోర్ల పండుకుంది.
విప్పుతుంటే మొలలు కుయ్యిమన్నయి,
మొల దిగిన ప్రతిచోటా ఒక నల్లటి సున్న.
రందా పడితే మొదటి చుట్ట చేప వాసన,
మూడో చుట్టకు గానీ టేకు వాసన రాలే.

"లోపల మంచిగనే ఉన్నది" అన్న.
"లోపలి సంగతి నన్నడుగు" అన్నడు ఓదెలు.

ఎనభై నంబరు కాయితం, నూటయాభై, రెండొందల ఇరవై.
దుమ్ము దులిపి మొదటి పూత వేసిన.
జనం కూసున్న పలకలు గటగటా తాగినయి.
మేకలు ఎక్కిన మూల గీతలు గీతలుగ తాగింది.
తారు పట్టిన సందులు మూతి తిప్పుకున్నయి.
ఒక్క పలక, వెనక కొసకున్నది,
దానిమీద రెండు చోట్ల రంగు ఆగలే.
గుడ్డతో అద్దిన. స్పిరిటుతో కడిగి మళ్ళ వేసిన.
తామరాకు మీద లెక్క చుక్కలై పక్కకు జారింది.
ఎల్తురుకు వంచి చూసిన:
ఎడమది ముందర, కుడిది వెనక, జెర అడ్డంగ.
మడిమ కాడ లోతు ఎక్కువ.

గడ తోసేటోడు గట్లనే నిలబడ్తడు.

సాయంత్రం ఓదెలు చెప్పులిడిసి లోపలికొచ్చిండు.
"ఇంకో రెండు పూతలేస్తే కప్పుకుంటది" అన్న.
కప్పుకోదని ఇద్దరికీ తెలుసు.
పలకను కింద పెట్టమన్నడు.
నిలబడతడేమో అనుకున్న. నిలబడలే.
కాలి బొటనవేలితో ఒక్కసారి తడిమిండు,
నీళ్ళు ఎంత సల్లగున్నయో చూసినట్టు.

"దీన్ని పైన పెట్టకు.
కింద పెట్టు, కాళ్ళు పెట్టుకునే కాడ.
రంగెయ్యకు."
"నూనె?"
"నూనె కూడ వద్దు."

ఇప్పుడు ఆ బల్ల బ్రిడ్జి మొదట్ల కిరాణా కొట్టులున్నది.
పైన వాల్‌నట్, అద్దం లెక్క,
దాంట్ల షాంపూ పాకిట్లు తలకిందులుగ ఊగుతయి.
కాళేశ్వరం పొయ్యేటోళ్ళు నోటు పెట్టి
"ఏం చెక్కనే ఇది" అంటే
"వాల్‌నట్" అంటడట, గల్లా మూసుకుంట.
బల్ల కింద ఆయన కాళ్ళు,
ఎడమది ముందర, కుడిది వెనక.

పైసలిచ్చే కాడ మాత్రం బేరం ఇడువలే.
"ఆ పలకకు పాలిష్ లేదు గదా, నలభై కొట్టెయ్."
కొట్టేసిన.
ఆ గుంతలకు రందా కూడ అందలేదని చెప్పలే,
ఇంకో ఇరవై అడుగుతడని.