ఐదో సీసా

డిసెంబరు రెండో గురువారం.
సాయంత్రం నాలుగున్నరకే
కాలువ మీద నీళ్ళకన్నా చిక్కగా చీకటి.
సముద్రాన్ని వెనక్కి తోసి తెచ్చుకున్న పల్లపు పొలాలివి,
గాలికి ఎదురు నిలబడ్డానికి
ఫ్లాండర్సులో ఈ మూల ఒక్క గుట్ట కూడా లేదు.

హోదెలీవ పాత గొడ్లపాకే ఇప్పుడు బీరు కాచే ఇల్లు.
తలుపు తీస్తే ముందు తడిసిన ఉన్నికోట్ల కంపు,
దాని వెనక ఉడికిన మాల్టు ఆవిరి.
సరుకు పడవ నడిపే వనెస్,
మందుల షాపు కట్టేసి ఇంటిపట్టునున్న ఆనెలోర,
చర్చి ఆర్గన్లు బాగుచేసే అన్నదమ్ములు రోంబౌట్, గిలిస్,
నేను.
కుక్కని కలుపుకుంటే ఆరుగురం.

"చల్లగా మింగెయ్యకండి,
గ్లాసుని అరచేతుల్లో పట్టుకుని కాస్త నిద్ర లేపండి."

మొదటిదాంట్లో దాల్చినచెక్క
పెళ్ళికి అత్తరు కుమ్మరించుకొచ్చిన మేనమామ,
ఇంకెవర్నీ మాట్లాడనివ్వలేదు.
రెండోది నారింజ తొక్క, ధనియాలు,
నాలుక చివర చిటపటమని ఊరుకున్నాయి.
మూడోది అతిమధురం.
"దగ్గుమందు," అంది ఆనెలోర,
"నలభై ఏళ్ళు అమ్మాను, నాకు తెలీదా!"
నాలుగోదాంట్లో లవంగం ఉందని రోంబౌట్, లేదని గిలిస్.
వెయ్యలేదట. ఈస్టు చేసిన మాయట.
రోంబౌట్ కాసేపు ఎవరితోనూ మాట్లాడలేదు.

బల్ల కింద ఇంకోటుంది.
చీటీ లేదు, సుద్దతో గీసిన ఇంటూ గుర్తు.
కుక్క వాసన చూస్తుంటే వనెస్ కంటబడింది.
"అది వద్దు. పారబొయ్యాల్సింది.
చేతులు రాలేదు."

పోసింది చివరికి.
దీపానికి అడ్డం పెట్టినా వెలుగు దూరని నలుపు.
ముందు మాడు,
పాలు అడుగంటిన గిన్నె మాడు.
ఆ తర్వాత పళ్ళు పట్టే వగరు.
మింగేశాక, ఇక ఏమీ లేదనుకున్నాక,
ఎండిన ప్లమ్ పండు, తడి పొగాకు,
గొంతులో ఆలస్యంగా వెలిగిన మిరియం.

ఎవరూ ఏమీ అనలేదు.
గిలిస్ కళ్ళు మూసుకునే అన్నాడు:
"ఆర్గన్లో అన్నిటికన్నా కింది స్వరం.
చెవికి అందదు, బల్ల వణుకుతుంది."

ఎలా చేశావంటే
తుడిచిన గ్లాసునే మళ్ళీ తుడిచింది.
"అక్టోబరు తొమ్మిది. కాగు కింద మంట పెట్టాను.
ఆసుపత్రి నుంచి ఫోను,
యోరిస్‌కి ఊపిరి అందడం లేదని.
మంట సంగతి గుర్తొచ్చింది సగం దారిలో.
వెనక్కి తిరగలేదు.
తెల్లారి వచ్చేసరికి అడుగంతా బొగ్గు.
కోపమో ఏమో,
చేతికొచ్చినన్ని మిరియాలు పోసి మూత పెట్టేశాను."

"లెక్క రాసివ్వు," అంది ఆనెలోర, కళ్ళజోడు తీస్తూ,
"వచ్చే చలికాలం మళ్ళీ కాద్దువు."

"లెక్క తెలుసు.
దానికి ఆ రాత్రి కూడా వెయ్యాలి.
నాకొద్దు."

పైన నేలచెక్కల మీద
రెండు కాళ్ళూ ధనధన మోగాయి.
యోరిస్ టీవీలో ఎవరో
వలలో పడాల్సిన బంతిని ఆకాశానికి తన్నారు.
తిట్లు మెట్లు దిగి మా దాకా వచ్చాయి,
పూర్తి ఊపిరితో.

ఇంకా పదకొండు సీసాలున్నాయి.
వనెస్ ధర అడిగాడు.
మిగతావాటికన్నా రెండు యూరోలు తక్కువ చెప్పింది,
మాడింది కదా అని.

చాలాసేపు బేరమాడాం.
చివరికి ఒక యూరో పెంచడానికి ఒప్పుకుంది.