జలగడుగు

టేపు ఒక కొస ఐలీన్ పట్టుకుంది,
రెండో కొస నేను.
ముప్ఫై ఒక్క ఏళ్ళు ఈ గల్లా వెనక నిలబడ్డ మనిషి
ఇవాళ గోడకూ గోడకూ మధ్య ఎన్ని అడుగులో
నా కోసం పైకి చదువుతోంది.

విక్టోరియా రాష్ట్రం. వూలార్డ్‌లో
రైలు ఆగటం మానేసి చాలా ఏళ్ళు.
వాకిట నాలుగు స్తంభాలు,
వాటి నెత్తిన ఆకుల కిరీటాలు,
పైన 1861 అని ఉబ్బెత్తు అంకెలు.
బ్యాంకు పేరు పీకేశారు. అక్షరాల మేకుల బొక్కలు
కమ్మలు తీసేసిన తమ్మెల్లా ఉన్నాయి.

స్తంభాన్ని వేలి కణుపుతో కొట్టాను.
బోలు కాదు, అలాగని రాయీ కాదు.
ఇటుక. పైన సున్నం. సున్నం మీద రాతి అతుకుల గీతలు.
ఊరికి నమ్మకం తొందరగా కావాలి,
క్వారీ నలభై మైళ్ళు.
కార్న్‌వాల్ తాపీమేస్త్రి జేబెజ్ ట్రెవీనా
తడి సున్నం మీద తాడు పట్టి గీసి
రెండు వారాల్లో రాయి పుట్టించాడు.
"మాకు తెలుసు," అంది ఐలీన్.
"వానలకి పెచ్చులూడేవి.
తెల్లారకముందే రంగు వేయించేవాడు మేనేజరు."

వెనక గది, కరిగించే గది.
ఇక్కడ మాత్రం నిజంగా నల్లరాయి.
కుంపటి, మూస, పొగగొట్టం.
బురద బూట్లవాడి సంచిలోంచి పొడి తక్కెడలోకి,
తక్కెడలోంచి మంటలోకి.
మా కంసాలి గురివింద గింజ వేసి తూచేవాడు.
ఇక్కడ ఇత్తడి తూకపురాళ్ళు, మఖమల్ గుంటల్లో వరసగా.
గింజకు తన కింది నలుపు తెలియదంటారు.
ఇత్తడికి తెలుసేమో,
చెప్పలేదు.

గల్లా ముందు నేల రెండు చోట్ల అరిగింది,
పాదానికి పాదం ఎడంగా.
దేవదారు బల్ల మోచేతులు ఆనేచోట నునుపు.
అప్పుకొచ్చినవాళ్ళ పని అది, అంది.
డబ్బు వేసేవాళ్ళు అంతసేపు నిలవరట.

అటక మీద ఒక పద్దు పుస్తకం దొరికింది.
"చైనా మనిషి, నాలుగు ఔన్సులు" అని గుమాస్తా రాత.
పక్కన, గళ్ళు దాటి, ఆ మనిషే
ఉక్కుపాళీతో నిలువుగా తన పేరు.
మా ఇద్దరికీ చదవటం రాదు.
ఐలీన్ ఆ కాగితం మీద వేలు పెట్టలేదు,
పైపైనే చూపించింది.

కొన్నది పళ్ళ డాక్టరు.
ఇనుప తలుపు గది ఎక్స్‌రేకు బాగుంటుందన్నాడు,
అంత మందం గోడలు ఇప్పుడెవరు కడతారు?
బంగారం బయటికి పోకుండా కట్టినవి.
ఇక కిరణాలు.

నిన్న కరిగించే గదిలో నేలచెక్కలు లేపారు.
కింద నూట అరవై ఏళ్ళ దుమ్ము.
వడ్రంగి కుర్రాడు చీపురు తెచ్చాడు.
ఆగమన్నాను.
కంసాలి కొట్టు ఊడ్చిన మట్టిని
డబ్బిచ్చి కొనుక్కునేవాళ్ళుండేవాళ్ళు మాకు,
జలగడుగులు.
ఆ మాటకు ఇంగ్లీషు దొరకలేదు నాకు.
ఉత్తి చేతులతో కడిగి చూపించాను.

ఐలీన్ టీ పళ్ళెం తెచ్చింది.
కుళాయి కింద మూడుసార్లు తిప్పాం.
గుండుసూది, బొగ్గు, ఎలుక పన్ను.
అంచున, ఒక కన్ను మూస్తే గానీ కనపడనంత
పసుపు.

"ఎవరిది?" అంది,
అలవాటు కొద్దీ.
వేలికొసకు అంటిన దాన్ని ఎత్తి పట్టుకుని
గల్లా వెనక్కి నడిచింది.
అక్కడ సొరుగు లేదు.