చప్పట్లకు చోటు

అబర్డీన్‌లో వాన పడటం కబురు కాదు.
కబురేమంటే, మా నాటకం సినిమా అయింది.
బుధవారం మధ్యాహ్నం ఆట, వృద్ధులకు సగం ధర.
పక్క సీట్లో లాక్లన్, ఒకప్పటి రెండో ట్రాంబోన్,
చెవి మిషన్ సర్దుకుంటూ
"చూద్దాం, ఏం చేశారో" అన్నాడు
శవాన్ని గుర్తుపట్టడానికి పిలిపించినవాడిలా.

పదకొండేళ్ళు ఆ థియేటర్లో టార్చి పట్టుకున్నదాన్ని నేను.
చూసినదానికన్నా విన్నదే ఎక్కువ.
ఆలస్యంగా వచ్చినవాళ్ళ తడి కోట్ల మధ్య
తలుపుకి వీపు ఆనించి
హెర్రింగ్ చేపలు కోసే ఆడపిల్లల కథని
చెక్కలోంచి విన్నాను.
ఏ పాటకి ఎవరు దగ్గుతారో కూడా తెలుసు.

సరే, సినిమా మాట.
సముద్రం నిజంది. అక్కడే మొదలైంది నా పేచీ.
మాకు సముద్రమంటే నలభై గజాల నీలం గుడ్డ,
ఆ చివర ఒక కుర్రాడు, ఈ చివర ఒక కుర్రాడు.
శనివారం రెండో ఆటకి భుజాలు పడిపోయి
అలలు కూడా అలిసిపోయేవి.
ఆ గుడ్డలో పడవ మునిగిన ఒక రాత్రి
మూడో వరుసలోంచి ఒకావిడ లేచి వచ్చేసింది.
మెట్లు కనబడక నా చెయ్యి పట్టుకుంది,
"మా ఆయన పడవ కూడా" అని, ఆపేసింది.
తెరమీది సముద్రం చాలా లోతుగా ఉంది.
అందులో ఎవరూ మునగలేదనిపించింది.

కథానాయిక బాగుంది. మరీ బాగుంది.
కత్తి తెగకుండా వేళ్ళకి చుట్టుకునే గుడ్డపీలికలు
ఇస్త్రీ చేసినంత తెల్లగా ఉన్నాయి.
గుసగుసగా పాడింది,
పాట ఎవరైనా ఎత్తుకుపోతారన్నట్టు.
మా ఊనా మెక్‌ఫెయిల్ అయితే
బాల్కనీ ఆఖరి వరుసలో, స్తంభం అడ్డొచ్చే సీటులో
చవక టికెట్టు వాడికి బాకీ ఉన్నట్టు పాడేది.
ఒక్కోసారి శ్రుతి జారేది. జారనీ.
జారిన చోటే మనిషి దొరికేది.

ఇంత తిట్టాక ఒకటి ఒప్పుకోవాలి.
ఉత్తరం వచ్చే ఘట్టంలో
కెమెరా దగ్గరికి వెళ్ళింది, ఇంకా దగ్గరికి.
పాట లేదు, వాయిద్యం లేదు.
ఆ పిల్ల ఉత్తరాన్ని పాత మడతల్లోనే మడిచి
కాగితానికి అంటిన చేప పొలుసుని
గోటితో గీకింది.
అంతే.
తలుపు బయట నాకు అది ఉత్త నిశ్శబ్దం,
అందులో ఏం జరిగేదో ఇవాళ చూశాను.
ఊనా కూడా అలాగే చేసేదా?
ఆమె పోయి ఆరేళ్ళు.

ఆఖరి పాటలో రేవంతా దీపాలు,
ఆకాశంలోంచి చూస్తే మనుషులు చుక్కలు.
దేవుడి కోసం తీశారేమో!
పాట అయిపోయిన చోట
మా కండక్టరు చెయ్యి గాల్లో ఆగేది.
చప్పట్లు లేచి, పొంగి, తగ్గి,
ఎవరో వన్స్‌మోర్ అని అరిచి,
అప్పుడు దిగేది ఆ చెయ్యి.
సినిమాకి ఆ చెయ్యి లేదు.
పాట తోకని తొక్కేస్తూ రైలు కూత.

లాక్లన్ అప్పటికే అరచేతులు ఎత్తేశాడు.
హాల్లో మొత్తం తొమ్మిదిమందిమి.
ఎత్తిన చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక
నా పాప్‌కార్న్ డబ్బా అందుకున్నాడు,
అతనికి పాప్‌కార్న్ పడదు.

బయట అదే వాన. బస్సుకి పన్నెండు నిమిషాలు.
ఎలా ఉందని అడిగాను.
"ట్రాంబోన్లు మూడుండాలి.
రెండే వినిపించాయి. నాదే లేదు."
చెవి మిషన్ వల్లేమో అన్నాను.
ఒప్పుకోలేదు.