మడమ

ఈటె పట్టిన సిపాయి నడుస్తున్నాడు.
నడుస్తున్నాడనుకోవాలి, అంతే.
పాదం ఆనకముందే నేల వెనక్కి పోతోంది.
సబ్బునీళ్ళు పారబోసిన బండల మీద
పిల్లాడు జారినట్టు
శత్రురాజ్యం మీదికి జారుకుంటూ పోతున్నాడు.

"నక్కో" అంటుంది నుస్రత్
నా కుర్చీ వెనక, చేతిలో చల్లారిన చాయ్.
"వీడికి బరువే లేదు.
హ్యాంగరుకు తగిలించిన చొక్కా."

కావూరి హిల్స్‌లో మూడో అంతస్తు.
కిటికీ అవతల ఇంకా ఎవరూ పగలగొట్టని బండరాయి,
దాని నెత్తిన సెల్ టవరు.
లోపల పదకొండుమందిమి
ఎన్నడూ జరగని యుద్ధానికి
సైన్యం తయారుచేస్తున్నాం.
సిపాయికి ఇరవై రెండు ఎముకలు ఇచ్చారు నాకు.
ఇరవైమూడోది అడిగితే
పాత ఫోన్లు మొరాయిస్తాయన్నారు.
వేళ్ళు లేవు. మెడకు ఒకటే పూస.
ఆడేవాడు ఆకాశంలోంచి చూస్తాడు గదా,
వడ్లగింజంత మనిషికి వేళ్ళెందుకని.

శనివారం పొద్దున్నే బేగంబజార్ పోయాను.
ఎండుమిర్చి ఘాటుకు తుమ్ములాపుకుంటూ
పసుపు బస్తాల సందులో ఫోన్ వంచి పట్టుకుని
ఒక హమాలీ కాళ్ళు వీడియో తీస్తున్నాను.
అతను చూడనే చూశాడు.
"ఏంది సారూ, నా మొకం బాగలేదా?
కాళ్ళే తీస్తున్నవ్?"

చెప్పాను. ఆట. సిపాయి. ఈటె. జారే పాదం.
బాలనర్సు నవ్వలేదు.
వీపు మీది బస్తా దించకుండానే కాసేపు ఆలోచించాడు.
"బరువు భుజాల మీద ఉంటదనుకుంటరు అందరు.
మడిమెల ఉంటది.
మడిమె ఒప్పుకున్నంకనే రెండో కాలు లేస్తది.
జర ఆగుతది. గంతే."

జర.
ఆ జర ఎన్ని ఫ్రేములు?

మూడు పెడితే కుంటుతున్నాడు.
ఒకటి పెడితే ఆగినట్టే లేదు.
తెల్లవారుజామున రెండు పెట్టాను.
ఆ రెండు ఫ్రేములూ మడమ నేలతో ఏదో మాట్లాడుతుంది,
మోకాలు వింటుంది,
నడుము కాస్త ఆలస్యంగా తల ఊపుతుంది,
అన్నిటికన్నా చివర ఈటె కొనకు తెలుస్తుంది.

సోమవారం నలభైమందిని మైదానంలోకి వదిలాం.
అందరిదీ ఒకేసారి ఎడమ కాలు, ఒకేసారి కుడి,
స్కూలు డ్రిల్లులా.
ఒక్కొక్కడి అడుగునూ కొంచెం ముందుకూ వెనక్కూ జరిపాను.
అప్పుడు కదిలింది గుంపు,
సెకండ్ షో వదిలాక
ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో జనం కదిలినట్టు.
నుస్రత్ చాయ్ కప్పు కింద పెట్టింది.
ఆమె మెచ్చుకోవడం అంటే అదే.

మధ్యాహ్నానికి ఆడి చూసేవాళ్ళ ఫిర్యాదు:
ఈటెవాళ్ళ వేగం ఎందుకు తగ్గించారు?
తగ్గించలేదు. అంకె అదే, మూడు పాయింట్ రెండు.
స్టాప్‌వాచ్ పెట్టి చూపినా నమ్మరు.
బరువు కంటికి ఆనేసరికి
వాళ్ళ బొటనవేళ్ళకు ఆయాసం వచ్చింది.

తీసేయమన్నారు.
ఒక ఫ్రేము తీసేశాను.
ఆ తీసినదాన్ని పారేయబుద్ధి కాక
ఎవరూ వెతకని చోట దాచాను:
ఏ ఆజ్ఞా లేక సిపాయి ఊరికే నిలబడే చోట.

అక్కడ వాడు తొమ్మిది సెకన్లు కదలడు.
తర్వాత ఈటెను ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకుంటాడు.
కుడి మడమ ఎత్తి
ఎడమ పిక్కకు ఒక్కసారి రుద్దుకుంటాడు,
బస్తా దించి బాలనర్సు రుద్దుకున్నట్టే.
ఆడేవాడు ఆ సమయానికి
మ్యాపులో ఇంకో మూల
కోట కట్టుకుంటూ ఉంటాడు.

చావు ఇంకా మిగిలే ఉంది.
నలభైమందీ ఒకేలా, ఎడమవైపుకే పడుతున్నారు.
బుధవారానికి మార్చగలవా అంటుంది నుస్రత్.
తలూపాను గానీ,
దానికి ఏ బజారుకు పోవాలో
నాకు తెలియదు.