రేకు మీద ఊరు

పుత్తూరు రోడ్డులో మా మామిడి గుజ్జు ఫ్యాక్టరీ,
దాని గేటు పక్కన కాటా గది నాది.
మేకుకు నాలుగు రేకులు వేలాడుతుంటాయి.
జెడ్డా, రాటర్‌డ్యామ్, ఏడెన్,
చివరిది ఒడెస్సా.
డ్రమ్ముకు ఆనించి రంగు పూస్తే
కోసిన సందుల్లోంచి ఊరి పేరు దిగుతుంది.
పదకొండేళ్లుగా నేను చూసిన లోకం
ఆ రేకులే.

ఆ ఏడు శివరాత్రికి ఐదు రోజుల ముందు,
తోతాపురి పూత ఇంకా పిందె కడుతుండగా
బొగ్దాన్ దగ్గర్నుంచి మెసేజ్:
రేవు మూసేశారు. సరుకు ఆపండి.
దాని కిందే ఇంకొకటి:
ఈసారి కాయ తీపేనా?

ఒక్కసారి వచ్చాడు మా ఊరికి.
ఉప్పూకారం అద్దిన పచ్చికాయ కొరికి
కళ్లనీళ్లు కారుస్తూ ఇంకో చెక్క అడిగాడు.
జవాబు రాశాను.
ఒక్క టిక్కే పడింది.

తర్వాత యుద్ధం మా దాకా నడిచొచ్చింది,
బూట్లు లేకుండా, చప్పుడు లేకుండా.
ముందు దర్గా సర్కిల్లో పాచ్చాబీ మూకుట్లోకి.
నూనె ప్యాకెట్ వారంలో రెండుసార్లు పెరిగితే
మిరపకాయను నిలువునా చీల్చి
ఒక బజ్జీని రెండు చేసింది.
"పొద్దు తిరిగే పూలంట నాయనా,
ఆ చేన్లలో ట్యాంకులు తిరుగుతాండాయంట"
అని మంట తగ్గించింది.
ఆ తర్వాత ఎరువుల కొట్టు ముందు వరసలోకి,
చెప్పులు వరసలో పెట్టి మనుషులు నీడకు పోయే ఆ వరసలోకి.
ఆ తర్వాత నా గేటు దగ్గరికి.

జూన్. తవణంపల్లె దాకా ట్రాక్టర్లు.
మూడో పగటికి కాయ కిందినుంచి చెమర్చింది,
రోడ్డంతా పులిసిన వాసన, జోరీగలు.
ట్రాలీ కిందే పడుకున్న చెంగల్రాయుడు
లేచి నన్నే అడిగాడు, నేనేదో పెద్ద మంత్రినైనట్టు:
"వాళ్లిద్దరిదీ గట్టు తగాదానేనా?"
అట్లాంటిదే అన్నాను.
"మా పక్క చేనోడు గట్టు అరడుగు నరికినందుకు
చిత్తూరు కోర్టుకు పద్నాలుగేండ్లు తిరిగినా.
రెండెకరాలు వకీలు తిన్నాడు.
ఊరికి ఊరే నరికినోడికి
వాయిదా యాడేస్తారప్పా?"
నా దగ్గర స్లిప్పుల పుస్తకం తప్ప ఏమీ లేదు.

రాత్రి టీవీలో చెప్పారు,
పెద్ద సభలో చేతులెత్తమంటే
మన దేశం ఎత్తలేదంట, దించలేదంట.
చవకగా ముడిచమురు ఓడలకోడలు వస్తాందంట.
బంకులో మీటరు మాత్రం ఒక పైసా వెనక్కి తిరగలేదు.
కోపం రాబోయి ఆగింది నాకు.
నాదీ ఆ ఉద్యోగమే కదా.
రైతు వైపూ కాదు, ఓనరు వైపూ కాదు,
బండి లేనప్పుడు కాటా సున్నా చూపిస్తే చాలు
నిజాయితీపరుడంటారు.
ఎర్రటి ఆ సున్నాను ఆ రాత్రి చాలాసేపు చూశాను.
అది న్యాయమో
ఉట్టి ఖాళీయో
తెలియలేదు.

రాసిపెట్టిన డెబ్బయి డ్రమ్ముల మీద
కూలికొచ్చిన వళ్లెమ్మ బూడిదరంగు పూసింది.
వేరే ఊరి రేకు కోయించారు.
వేలు పెట్టి తడిమితే
కింద పాత అక్షరాల అంచు ఇంకా తగులుతుంది,
మానిన పుండు లాగా.
ఇంతకుముందు ఆ ఊరు నాకు రంగు ఖర్చు, అంతే.
ఇప్పుడు అక్కడ కరెంటు పోయిందని వింటే
మా గదిలో ఫ్యాను వైపు చూస్తాను.

ఆ రేకును పాత ఇనుముకు వేయమన్నారు. వేయలేదు.
సాయంత్రం నాలుగింటికి కిటికీ ఎండ దాని గుండా పడి
ఎదురు గోడ మీద ఒడెస్సా వెలుగుతుంది,
కాసేపే,
వెలిసిన సున్నం మీద మెల్లగా పక్కకు జరుగుతూ.

ఈ ఏడూ కాసింది. ధర చెప్పడానికి నోరు రాదు.
ఆ నంబరుకే మళ్లీ రాశాను:
తీపే.

బయట హారన్.
చెంగల్రాయుడి ట్రాక్టరు.
"ఎక్కించమంటావా నా?"
ముందు చక్రం కాటా మీదికొస్తుంటే
సున్నా అదిరింది.