అడ్వాన్సు

ఛత్రపురం దాటి, సరుగుడు తోపు దాటి,
సైకిలు దిగి నడిపించుకోవాల్సిన ఇసుకలో
మొదలవుతుంది నా నెలవారీ పని.
నూకరేవులో కిందటేడు తొంభై ఆరు మీటర్లు.
ఈసారి యాభై మూడు.

ఇల్లు లేకపోతే వెయ్యడానికి నా దగ్గర గుర్తు లేదు.
తాళం వేసుంటే ఒక అంకె,
మీటరు కాలిపోతే ఒకటి,
కుక్క రానివ్వకపోతే దానికీ ఒకటి.
సంద్రం మింగినదానికి
ఆఫీసు ఇంకా ఏ అంకే పెట్టలేదు.
తాళం అనే కొడతాను.
అలల కింద ఎక్కడో
నలభై మూడు తాళాలు.

చోడిపల్లి దానమ్మది ఒకప్పుడు నాలుగో వరస.
ఇప్పుడదే మొదటిది.
వసారా పోయింది. వంటిల్లు సగం పోయింది.
వీధి తలుపు తీస్తే మెట్టుండదు,
నిలువు లోతున తడి ఇసుక.
మీటరు పెట్టెని మాత్రం వెనక గోడకి మార్పించుకుంది,
లైనుమేను చేతిలో చేటెడు ఎండు కవళ్లు పోసి.

"ఏటి బాబూ, ఎంతయినాది?"
నూట డెబ్బై రెండు.
మూడొందలిచ్చింది. చిల్లర కోసం జేబు తడుముకుంటుంటే
"ఒగ్గేయ్. వచ్చే నెల్దానికి కట్టేసుకో."

మిషను మీద నా వేలు ఆగిపోయింది.
కొత్త కాలనీ జాబితాలో
ఆమె పేరు ఒడియాలో తప్పు పడిందని నాకు తెలుసు.
ఆ ఒక్క అక్షరం కోసం
ఆరుసార్లు బ్లాకాఫీసు మెట్లెక్కిందనీ తెలుసు.
"వచ్చే నెలకి..." అన్నాను.
మిగతాది నోట్లోనే ఉండిపోయింది.

గుమ్మంలో వల బాగుచేస్తున్న లోకనాథం
తలెత్తకుండానే నవ్వాడు.
"సంద్రానికైనా బాకీ ఉండనియ్యదు, ఇది."

"ఉంటాదో నేదో నాకేటి తెల్సు బాబూ,
తెల్దు గనకే కట్టేస్తన్నాను.
తెల్సినోల్లంతా ఎలిపోనారు.
ఆల్లకి బలుబక్కర్నేదు.
తెల్లారగట్ట మా పడవలు మర్లినప్పుడు
ఒడ్డునో దీపం అవుపడాల.
నాదే అవ్వాలని ఏటీ నేదు.
మొదటి వరస నాదయిపోనాది మరి,
ఏటి సేత్తాం?"

తాబేళ్లు గుడ్లు పెట్టే నెలల్లో
ఫారెస్టువాళ్లు రాకముందే ఆర్పేస్తుంది.
పొదిగిన పిల్లలు దీపాన్ని చూసి
అదే నీళ్లనుకుని ఊళ్లోకి పాకుతాయట.
ఆ నెలల్లో రీడింగు పది యూనిట్లు కూడా రాదు.
పడవ వస్తోందనిపిస్తే
చీకట్లో నిలబడి కేకలేస్తుంది.
కేకకి మీటరు లేదు.

మిషను గరగరమని కాగితం ఉమ్మింది.
అడుగున మైనస్ నూట ఇరవై ఎనిమిది.
మా లెక్కల్లో మైనస్ అంటే
కంపెనీయే ఆమెకి బాకీ.
అంత వెలుతురు
ఆమెకి ఇవ్వాల్సి ఉంది మేము,
గోడ ఉన్నా, లేకపోయినా.
కాగితం మడిచి బియ్యం డబ్బా మూతలో దోపుకుంది.

దారిలో సరుగుడు ఆకు చక్రాలకి చుట్టుకుంది.
స్మార్టు మీటర్లు వస్తున్నాయి. పండక్కో, పండగ తరవాతో.
వచ్చాక నాలాంటివాడితో పని లేదు.
ఈ మాట ఇంకా ఇంట్లో చెప్పలేదు.
వెనక టైరు అరిగి దారాలు తేలి ఆరు నెలలయింది,
ఎందుకులే, ఇంకెన్నాళ్లులే అని
గాలి కొట్టించుకుంటూ తిరుగుతున్నాను.

బస్టాండు పక్క షాపులో ఆగాను.
వాడు గోడ మీంచి ఒకటి దించి, దుమ్ము దులిపి,
"రెండేళ్లు ఢోకా లేదు" అన్నాడు.

రెండేళ్లా అని
ధర అడిగాను.